పలు సంస్కృతుల ప్రదర్శనలతో పిల్లలకు సంగీతం, నృత్యం, నాటకం నేర్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బడిలో కళలు నేర్పే టీచర్లు, పిల్లల నాటక బృందాలు నడిపేవాళ్లు, తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి జవాబు ఒక్క మాటలో తేలిపోతుంది. కొన్నిటి దగ్గర కాస్త ఆగక తప్పదు.

పిల్లల్ని ఒక మంచి ప్రదర్శనకు తీసుకెళ్తే చాలదా? మళ్లీ పాఠం ఎందుకు?

తీసుకెళ్లడం మంచిదే. కానీ బొత్తిగా తెలియని కళను మొదటిసారి చూసినప్పుడు రంగులు, చప్పుడు తప్ప పెద్దగా ఏమీ అందదు. ఎటు చూడాలో, దేనికోసం చెవి పెట్టాలో తెలియదు. అదే ఒక దరువును ముందు రోజు క్లాసులో తన చేత్తో వేసి, తప్పి, మళ్లీ పట్టుకున్న పిల్ల ప్రేక్షకుల్లో కూర్చుంటే ఆమె కళ్లు నేరుగా వాద్యకారుడి చేతుల మీదికి పోతాయి. నేను నమ్మేది ఇదే: చూసింది ఒంట్లోకి దిగాలి, ఒంట్లోకి దిగినదాన్ని మళ్లీ చూడాలి. ముందు కొంచెం చేయడం, తర్వాత చూడడం, చూశాక మళ్లీ చేయడం. ఈ మూడూ జరిగితేనే అది చదువు అవుతుంది.

ఏడాదిలో ఎన్ని సంస్కృతుల కళలు పరిచయం చేయాలి?

రెండు. మహా అయితే మూడు. వారానికో దేశం చొప్పున తిప్పుకొస్తే పిల్లలకు గుర్తుండేవి జెండాలూ బట్టలూ మాత్రమే. జాబితా పొడుగ్గా ఉంటే కాగితం మీద ఘనంగా కనిపిస్తుంది, పిల్లల చేతికి మాత్రం ఏదీ రాదు. ఒక్క కళ దగ్గర రెండు నెలలు నిలబడండి. అప్పుడు వాళ్లకు ఆ కళలోని కష్టం తెలుస్తుంది. కష్టం తెలిసినవాడికి గౌరవం ఎవరూ నేర్పక్కర్లేదు.

వాద్యాలు లేవు, వేషాలు లేవు. దేనితో మొదలుపెట్టమంటారు?

బాలి ద్వీపంలోని కెచక్‌తో మొదలుపెట్టండి. అందులో వాద్యమంటూ ఒక్కటీ ఉండదు. పదుల సంఖ్యలో మగవాళ్లు వలయాలుగా కూర్చుని 'చక్ చక్' అంటూ గొంతులతోనే మేళమంతా నడిపిస్తారు, మధ్యలో రామాయణ ఘట్టం ఆడతారు. సంఘ్యాంగ్ అనే పూనకపు ఆచారంలోని బృందగానాన్ని తీసుకుని 1930ల్లో దీనికి ఇప్పటి రూపం ఇచ్చారు. బాలి నర్తకుడు వాయన్ లింబక్, అప్పట్లో అక్కడ ఉంటున్న జర్మన్ చిత్రకారుడు వాల్టర్ స్పీస్ కలిసి చేసిన పని అది.

క్లాసులో ఇలా చేయండి. పిల్లల్ని వలయంగా కూర్చోబెట్టి, ఒకరి చేత అరచేత్తో నేల మీద నిలకడగా దెబ్బ వేయించండి. మొదటి గుంపు దెబ్బ మీద 'చక్' అంటుంది. రెండో గుంపు సరిగ్గా దెబ్బకీ దెబ్బకీ మధ్య అంటుంది. మూడో గుంపు వేగంగా మూడు 'చక్'లు పలికి, నాలుగో చోటు ఖాళీగా వదిలేస్తుంది. ఇక్కడే అసలు పని మొదలవుతుంది. రెండు ఆవర్తాలు (దరువు పూర్తిగా ఒక చుట్టు తిరిగితే ఒక ఆవర్తం) తిరక్కుండానే రెండో గుంపు జారి మొదటి గుంపుతో కలిసిపోతుంది, ఎందుకంటే పక్కవాళ్ల దరువు లాగేస్తుంది. చాలామంది టీచర్లు అప్పుడు 'గట్టిగా అనండి' అంటారు. గొంతు పెరిగిన కొద్దీ ఎవరికీ ఎవరూ వినపడరు, గందరగోళం ఇంకా పెరుగుతుంది. తగ్గించమనండి. ఎదుటి గుంపు స్పష్టంగా వినపడేంత తగ్గాక ఎవరి చోటు వాళ్లకు తెలుస్తుంది, అల్లిక కుదురుతుంది. అసలు బాలి అల్లిక ఇంతకంటే చాలా చిక్కనిది, ఇది దాని గుమ్మం మాత్రమే. ఆ మాట పిల్లలతో కూడా చెప్పండి.

దీని తర్వాత గామెలాన్ (ఎక్కువగా కంచు పలకలు, గంటలతో నడిచే అక్కడి వాద్యమేళం) వినిపిస్తే తేడా మీకే కనిపిస్తుంది. బాలి గామెలాన్‌లో ఒకే స్వరమాలను ఇద్దరు పంచుకుని, ఒకరి ఖాళీలో మరొకరు కొడుతూ, ఒక్కరి చేతికి అందని వేగం తెప్పిస్తారు. గొంతుతో ఆ పని చేసివచ్చిన పిల్లలు దాన్ని వెంటనే పట్టేస్తారు.

మా టీచర్‌కే ఆ కళ రాదు. ఎలా నేర్పుతారు?

నేర్పడం కాదు, పిల్లలతోపాటు నేర్చుకోవడం. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాంటిల్ హుడ్ అనే ఆచార్యుడు ఉండేవాడు. వేరే సంస్కృతి సంగీతం గురించి చదివేవాళ్లు దాన్ని వాయించడం కూడా నేర్చుకుని తీరాలని 1960లో గట్టిగా వాదించాడు, తన విద్యార్థులను గామెలాన్ ముందు కూర్చోబెట్టాడు. టీచర్ నేల మీద కూర్చుని పిల్లల మధ్య తప్పులు చేస్తూ నేర్చుకుంటే ఆ క్లాసు వాతావరణమే మారిపోతుంది. అయితే ఒక్క షరతు. నేర్పే ఆ చిన్న ముక్కనైనా ముందుగా మీ ఒంటికి పట్టించుకోవాలి.

అలాంటి ముక్క ఒకటి చెబుతాను. ఘానా, టోగో ప్రాంతాల్లోని ఎవే ప్రజల మేళాల్లో గంకోగుయి అనే ఇనప జంటగంట ఉంటుంది. మేళమంతా దాన్ని పట్టుకునే నడుస్తుంది. బాగా వినిపించే వరస ఒకటి 12 మాత్రల్లో (సమానమైన లెక్కల్లో) ఏడు దెబ్బలు. దెబ్బకూ దెబ్బకూ మధ్య మాత్రలు 2, 2, 1, 2, 2, 2, 1. ముందు నోటితో లెక్క, తర్వాత చప్పట్లు, ఆపైన రెండు చెక్కముక్కలు. (శంకరాభరణం రాగం ఆరోహణలో స్వరస్థానాల మధ్య దూరాలు లెక్కపెట్టండి, సరిగ్గా ఇదే వరస వస్తుంది. సంగీతం నేర్చుకుంటున్న పిల్లలకు ఇది తప్పకుండా చూపించండి.) వరస నిలబడ్డాక, మూడు మాత్రలకోసారి అడుగు వేయమనండి: ఆవర్తానికి నాలుగడుగులు. కాసేపయ్యాక, చేతులు మార్చకుండా, రెండు మాత్రలకోసారి వేయమనండి: ఆరడుగులు. గంట దెబ్బలు ఒక్కటీ మారవు. కాళ్లు మారేసరికి అదే గంట కొత్తగా వినిపిస్తుంది. లయ గురించి నేను చెప్పగలిగే ఏ ఉపన్యాసమూ ఈ ఒక్క నిమిషానికి సాటి రాదు.

అక్కణ్నుంచి స్పెయిన్ ఫ్లమెంకోకి వెళ్లడం తేలిక. అందులో సొలేయా అనే రీతి కూడా 12 దెబ్బల ఆవర్తమే, ఊనిక మాత్రం 3, 6, 8, 10, 12 మీద పడుతుంది. సంఖ్య ఒకటే, నడక వేరు.

కొత్త రకం పాట వినగానే పిల్లలు నవ్వేస్తారు. ఏం చేయాలి?

కోప్పడకండి. తెలియని చప్పుడుకి నవ్వడం సహజం, మందలిస్తే ఆ కళ మీదే విముఖత పుడుతుంది. నవ్వు తగ్గగానే ఒక ప్రశ్న వేయండి. రష్యాలోని తువా ప్రాంతపు గొంతు పాట విని నవ్వారనుకోండి, 'ఎంతమంది పాడుతున్నారు?' అని అడగండి. ఇద్దరంటారు, ముగ్గురంటారు. పాడేది ఒక్కడే. అడుగున ఒక స్వరాన్ని పట్టి ఉంచి, అందులోనే దాగి ఉన్న అనుస్వరాల్లో (అసలు స్వరంతోపాటు సన్నగా మోగే పై స్వరాల్లో) ఒకదాన్ని నోటి ఆకారంతో పైకి తెస్తాడు, అది ఈలలా వినిపిస్తుంది. తంబురా మీటితే ఎవరూ మీటని గాంధారం వినిపించడం కూడా ఈ అనుస్వరాల వల్లనే. రెండోసారి వినిపించండి. ఆ గది నిశ్శబ్దంగా ఉంటుంది.

నాట్యం ఏళ్ల తరబడి నేర్చుకోవాల్సిన విద్య. కొన్ని వారాల్లో ఏం వస్తుంది?

నిలబడడం వస్తుంది. తక్కువ మాట కాదు అది. ఒంటి బరువు ఎక్కడ ఉంచుకోవాలన్న దాని మీదే ప్రతి నాట్యమూ నిలుస్తుంది. భరతనాట్యం, కూచిపూడి అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కిందికి, కూర్చుంటాయి. కథక్ మోకాళ్లు నిటారుగా పెట్టి పాదాన్ని నేలకు కొడుతుంది. బాలే ఒంటిని పైకి లాగుతుంది. పశ్చిమ ఆఫ్రికా నాట్యాల్లో చాలావాటిలో మోకాళ్లు వంచి నడుము పైభాగాన్ని నేలవైపు మొగ్గిస్తారు. జపాన్ నో నాటకంలో మడమ నేల విడవకుండా పాదాన్ని జారుస్తూ నడుస్తారు. ఆ వేదిక కింద పెద్ద మట్టి కుండలు అమర్చే పద్ధతి ఉంది, కాలు తాటించగానే చప్పుడు గుల్లగా మారుమోగాలని.

ఒక క్లాసంతా ఈ ఐదు రకాల నిలబడడాలు, నడకలు చేయించండి, పాట అక్కర్లేదు. తర్వాత వీడియోలో ఏ నాట్యం చూసినా పిల్లలు ముందు కాళ్లు చూస్తారు.

అబ్బాయిలు నాట్యానికి రారు, వస్తే ఆడవేషం వేయమంటే సిగ్గుపడతారు.

చరిత్ర చెప్పండి. జపాన్ కబుకి నాటకాన్ని 1603 ప్రాంతంలో మొదలుపెట్టింది ఓకుని అనే స్త్రీ. 1629లో అక్కడి ప్రభుత్వం ఆడవాళ్లను వేదిక ఎక్కకుండా నిషేధించడంతో మగవాళ్లే స్త్రీ పాత్రలు కట్టడం స్థిరపడింది, అదొక గొప్ప విద్యగా ఎదిగింది. కూచిపూడిలో సత్యభామ జడ వేసుకున్నది తరతరాలుగా మగవాళ్లే. జపాన్‌లోనే తకరజుకా బృందంలో 1914 నుంచి అన్ని పాత్రలూ, మగ పాత్రలతో సహా, ఆడవాళ్లే వేస్తున్నారు. పాత్ర వేరు, వేసే మనిషి వేరు అని పిల్లలకు ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

భాష తెలియని నాటకం చూపించి ఏం లాభం?

మాట అర్థం కానప్పుడే ఒళ్లు ఏం చెబుతోందో కనిపిస్తుంది. బీజింగ్ ఒపెరాలో కుచ్చుల కొరడా పట్టుకుంటే గుర్రం ఉన్నట్టు, తెడ్డు పట్టుకుంటే పడవలో ఉన్నట్టు. ఒక బల్ల, రెండు కుర్చీలు పెట్టి రాజసభ చూపిస్తారు, కొండ చూపిస్తారు. బాగా పేరున్న ఒక ఘట్టంలో ఇద్దరు మనుషులు చీకటి గదిలో ఒకరినొకరు వెతుక్కుంటూ కొట్టుకుంటారు, వేదిక మీద మాత్రం దీపాలన్నీ పూర్తిగా వెలుగుతూనే ఉంటాయి. కత్తి ముక్కు పక్కనుంచి పోయినా వాడికి 'కనిపించదు'. మనం ఊపిరి బిగబడతాం. 1935లో ఆ ఒపెరా నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ మాస్కోలో ప్రదర్శనలిచ్చినప్పుడు చూసినవాళ్లలో జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ ఉన్నాడు. నటన గురించి ఆయన తర్వాత రాసినదాని మీద ఆ అనుభవం ముద్ర ఉంది.

ఈ చీకటి ఘట్టాన్ని క్లాసులో చేయించండి. ఇద్దరు పిల్లలు, మధ్యలో ఒక బల్ల, దీపాలు ఆర్పకూడదు, కళ్లు మూయకూడదు. ఒకరినొకరు చూడకుండా వెతకాలి. మొదట్లో ఇద్దరూ తడుముకుంటూ చేతులు తెగ ఊపుతారు. 'చీకట్లో మనం అంత వేగంగా కదులుతామా?' అని ఒక్క మాట అనండి చాలు. అడుగు నెమ్మదిస్తుంది, మెడ చప్పుడు వచ్చినవైపు తిరుగుతుంది, అక్కణ్నుంచి నటన మొదలవుతుంది.

ప్రదర్శన జరుగుతున్నంతసేపూ పిల్లల్ని ఎలా కూర్చోబెట్టాలి?

ప్రతి ఒక్కరికీ ఒక పని ఇవ్వండి. నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగుగా విడదీసింది: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. క్లాసును నాలుగు గుంపులు చేయండి. ఒక గుంపు ఒంటి కదలికలే చూస్తుంది. ఒకటి మాట, పాట, చప్పుడు. ఒకటి వేషం, రంగు, ముసుగు, పట్టుకున్న వస్తువులు. నాలుగో గుంపుది కష్టమైన పని: నటుడి లోపలి భావం ఏ క్షణంలో తమను తాకిందో గుర్తుపెట్టుకోవడం. బయటికి వచ్చాక నాలుగు గుంపుల మాటలూ కలిపితే ఆ ప్రదర్శన మళ్లీ కళ్ల ముందు నిలుస్తుంది. 'మీకు నచ్చిందా?' అని మాత్రం మొదటే అడగకండి. దానికి 'ఆ' అనో 'ఊహూఁ' అనో చెప్పి ఊరుకుంటారు.

వేరేవాళ్ల కళను మన పిల్లల చేత చేయించడం తప్పు కాదా?

ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. నేను ప్రతి కళనూ మూడు గంపల్లో ఒకదాంట్లో పెట్టుకుంటాను: చేయదగ్గవి, చూడదగ్గవి, జోలికి వెళ్లకూడనివి.

చాలా కళలు మొదటి గంపలోవే. కానీ ఎవరిదో చెప్పి చేయాలి. న్యూజిలాండ్‌లో మావోరీల 'కా మాతే' హకా (గుంపుగా కేకలతో పాడుతూ ఆడే ఆట) ప్రపంచమంతా తెలుసు. దాన్ని 1820 ప్రాంతంలో కట్టింది న్గాతి తోవా తెగ నాయకుడు తె రౌపరాహా. ఎవరు పడితే వాళ్లు, ఎక్కడ పడితే అక్కడ వాడేస్తుంటే ఆ తెగవాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. ఆయన పేరు, తెగ పేరు చెప్పాలని 2014లో అక్కడి పార్లమెంటు చట్టమే చేసింది. బడి చదువుకు ఆ చట్టంలో మినహాయింపు ఉంది. అయినా చెప్పండి. నాలుక బయటపెట్టి కేకలు వేయడం ఒక్కటే నేర్చుకుంటే పిల్లలు వెక్కిరింత నేర్చుకున్నట్టే. చావు తప్పించుకుని వెలుగులోకి వచ్చిన మనిషి కట్టిన పాట అని తెలిస్తే గొంతు మారుతుంది.

రెండో గంపలో ఆరాధనలు ఉంటాయి. మెవ్లెవీ సూఫీల సెమా మనకు గిరగిరా తిరిగే నాట్యంలా కనిపిస్తుంది గానీ వాళ్లకది దైవస్మరణ. 1925లో టర్కీ ప్రభుత్వం సూఫీ ఆశ్రమాలను మూయించాక దాన్ని కాపాడుకోవడానికి వాళ్లు చాలా కష్టాలు పడ్డారు. దాని గురించి చదివించండి, చూపించండి. తెల్ల అంగీలు తొడిగి పిల్లల్ని తిప్పకండి.

మూడో గంప గురించి వాదనే లేదు. అమెరికాలోని హోపీ ప్రజలు తమ ఊళ్లలోని క్రతువులను ఫొటో తీయనివ్వరు, రికార్డు చేయనివ్వరు. ఎక్కడో ఒక పాత రికార్డు దొరికినా సరే, వద్దన్నారంటే వద్దనే.

ఏది ఏ గంపలోదో మనంతట మనం తేల్చలేం. ఆ కళలో పుట్టి పెరిగినవాళ్లను అడగాలి.

వేషాలు వేయించవచ్చా?

ఒంటి రంగు మార్చే పూతలు ఎప్పుడూ వద్దు. 19వ శతాబ్దపు అమెరికాలో తెల్లవాళ్లు ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్లను గేలి చేస్తూ ఆటలాడారు. ఆ అవమానం ఇప్పటికీ మానలేదు. బీజింగ్ ఒపెరా ముఖం రంగుల సంగతి వేరు: అక్కడ ఎరుపు నమ్మకస్తుడికి, తెలుపు కుట్రదారుకు. అది పాత్ర స్వభావాన్ని చెబుతుంది, జాతిని కాదు. ఈ తేడా పెద్ద పిల్లలతో విడిగా చర్చించదగ్గది. ఇక మిగతా వేషధారణ అంటారా, కదలికకు తప్పనిసరైనది ఒక్కటి ఉంటే చాలు. గజ్జె, విసనకర్ర, పొడుగు చేతుల చొక్కా, ఏదో ఒకటి.

ఒకే కథను పలు సంస్కృతుల్లో చూపించాలంటే?

రామాయణం అంత అనువైన కథ మరొకటి దొరకదు. బంగారు లేడి ఘట్టం ఒక్కటే తీసుకోండి. థాయిలాండ్ ఖోన్‌లో ముసుగు వేసుకున్న నటులు ఆడుతుంటే పాట, మాట వేరేవాళ్లు చెబుతారు. జావా తోలుబొమ్మలాటలో దలాంగ్ ఒక్కడే అన్ని బొమ్మలూ ఆడించి, అన్ని గొంతులూ పలికి, బొమ్మల పెట్టెను చెక్కసుత్తితో తట్టి మేళానికి సైగలు కూడా ఇస్తాడు. మూడు గుంపులు మూడు పద్ధతుల్లో ఆ ఘట్టం ఆడమనండి: మాట ఒకరిది ఒళ్లు ఇంకొకరిది, అంతా ఒక్కరే, కెచక్‌లా గుంపు గొంతుతో. కథ అందరికీ తెలుసు కాబట్టి దృష్టంతా చెప్పే తీరు మీదే ఉంటుంది.

కళాకారులు అందుబాటులో లేరు. వీడియోలు సరిపోతాయా?

మనిషి ఎదురుగా ఉన్నంత బాగుండదు, కానీ వాడుకునే తీరులో ఉంటుంది. సజీవ సంప్రదాయాలను కాపాడే యునెస్కో 2003 ఒప్పందం కింద జాబితాకెక్కిన కళలకు ఆ సంస్థ వెబ్‌సైట్లో చిన్న చిత్రాలున్నాయి. 1948లో మోజెస్ ఆష్ మొదలుపెట్టిన ఫోక్‌వేస్ రికార్డులు 1987 నుంచి అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ చేతిలో ఉన్నాయి. పాటలతోపాటు వివరాల పుస్తకాలు, పాఠాలు కూడా ఇస్తారు. గంట వీడియో పెట్టి వదిలేయకండి. మూడు నిమిషాల ముక్క మూడుసార్లు: మొదట తెర మూసి శబ్దం మాత్రమే, తర్వాత శబ్దం ఆపి బొమ్మ మాత్రమే, చివరికి రెండూ.

పెద్ద తరగతులకు ఇంకో పని ఇవ్వవచ్చు. 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షంలోకి పంపిన రికార్డులో ప్రపంచ సంగీతం 27 ముక్కలున్నాయి: కేసర్‌బాయి కేర్కర్ హిందుస్తానీ గానం, జావా గామెలాన్, జార్జియా బృందగానం, పెరూ వేణువులు, జర్మన్ స్వరకర్త బాఖ్. మీరైతే ఏ 27 పంపుతారు, దేన్ని వదిలేస్తారు, ఎందుకు? ఈ వాదన ఒక్క క్లాసులో తెగదు.

సంప్రదాయ కళలంటే పాతవేనా?

కాదు. ట్రినిడాడ్ స్టీల్‌పాన్ 1930, 40ల్లో పారేసిన డబ్బాలు, నూనె పీపాల నుంచి పుట్టింది. జపాన్‌లో వేదిక మీద గుంపుగా టైకో డోళ్లు వాయించే పద్ధతి 1951లో దైహచి ఓగుచి మొదలుపెట్టినది. కెచక్ వయసు పైన చెప్పాను.

వినికిడి లోపం ఉన్న పిల్లల సంగతి?

ముందు వరసలో, చెక్క నేల మీద, చెప్పులు లేకుండా. వినికిడి చాలా మటుకు పోయిన ఎవెలిన్ గ్లెన్నీ పాదాలతో, ఒంటితో కంపనాన్ని పట్టుకుంటూ ప్రపంచ ప్రసిద్ధ తాళవాద్య కళాకారిణి అయ్యారు. పెద్ద డోలు మీద చెయ్యి ఆనించనివ్వండి.

మార్కులు ఎలా వేయాలి?

ఆ కళలో పండినవాళ్లతో పోల్చి వేయకండి. చుట్టూ వేరే దరువులు నడుస్తున్నా తన దరువు నిలబెట్టుకున్నాడా, ఎదుటివాళ్లను విన్నాడా, ఎవరి కళో చెప్పగలిగాడా చూడండి.

కళాకారుడిని బడికి పిలిచేటప్పుడు ఏం మాట్లాడుకోవాలి?

పారితోషికం ముందే, ఆయన అడగకముందే. ముందు చిన్న గుంపుతో సాధన, ప్రదర్శన ఆ తర్వాతే. బడి మొత్తాన్ని ఒకేసారి కూర్చోబెట్టి ఒక్క కార్యక్రమం ఇప్పించి పంపేస్తే ఆయన శ్రమా, మీ ఖర్చూ సగం వృథా. వీడియో తీయవచ్చా, ఎక్కడ పెట్టవచ్చో అడగండి. 'మా పిల్లలు ఏం చేయకూడదు?' అని కూడా అడగండి. గామెలాన్ వాద్యాల మీదుగా దాటకూడదు వంటి సంగతులు ఆ ఒక్క ప్రశ్నతోనే బయటికి వస్తాయి.

చివర్లో స్టేజి మీద ప్రదర్శన ఉండి తీరాలా?

ఉంటే మంచిది, కానీ దాన్ని సాధనలాగే నడపండి. కుర్చీలు వేదిక చుట్టూ వేయండి. ఈ ముక్క ఎవరిది, ఎక్కడిది, ఎవరి దగ్గర నేర్చుకున్నామో ఒక విద్యార్థి ముందుగా చెప్పాలి. ఎక్కడైనా తప్పితే ఆపి, మొదటి నుంచి అందుకునే స్వేచ్ఛ పిల్లలకు ఉండాలి. ఆ తర్వాత చూడవచ్చినవాళ్లను లేపి, పైన చెప్పిన ఎవే జంటగంట వరసలో ఒక ఆవర్తం పిల్లల చేతే వాళ్లకు నేర్పించండి.